ఉద్యోగం బాగానే ఉంది, వెళ్లి రావడమే కష్టం



ఓ.పి. చీటీ రాసేటప్పుడు పేరు, వయసు, ఊరు, వృత్తి అడుగుతాము. టీచరు, బట్టల షాపులో సేల్స్, బ్యాంకు, సెక్యూరిటీ అని ఒక్క మాటలో చెబుతారు. "పని ఎలా ఉందమ్మా?" అని ఇంకొక ప్రశ్న వేస్తే చాలామంది దగ్గర వచ్చే జవాబు ఒకటే. "పని బాగానే ఉంది సిస్టరుగారూ, రోజూ వెళ్లి రావడానికే ప్రాణం పోతోంది." నడుము నొప్పి, తలనొప్పి, గ్యాస్, మూత్రంలో మంట, నిద్ర పట్టకపోవడం వంటి బాధల వెనుక చాలాసార్లు ఈ మాట దాగి ఉంటుంది. అందుకే పని మీద తృప్తిని, ఆ పనికి చేసే ప్రయాణాన్ని ఈసారి కలిపి చూద్దాం.

తృప్తి అంటే జీతం ఒక్కటేనా?

జీతం ముఖ్యమే. ఇల్లు గడవని జీతం దగ్గర తృప్తి గురించి మాట్లాడటం సబబు కాదు. అయితే అమెరికాలో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివారు సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక పుస్తకం వెలువరించారు. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోట వసతులు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుందని, అవి బాగున్నంత మాత్రాన తృప్తి రాదని వారు గమనించారు. చేసిన పనికి గుర్తింపు, పని పూర్తి చేశానన్న సంతోషం, బాధ్యత ఉన్నప్పుడే "నా పని నాకిష్టం" అనిపిస్తుందని చెప్పారు. ఈ విభజన అంత కచ్చితం కాదని తర్వాతివారు అన్నా, ఇందులో ఉన్న నిజం మన వార్డుల్లోనే కనబడుతుంది. ఆపరేషన్ అయిన పెద్దాయన మొదటిసారి లేచి నాలుగడుగులు వేసి "నువ్వే నడిపించావు తల్లీ" అంటే ఆ సిస్టరు అలసట సగం తీరిపోతుంది. అదే సిస్టరుకు డ్యూటీ చార్టు చివరి నిమిషంలో మారిస్తే వారమంతా చిరాకే.

తన పని మీద తన మాట ఎంత చెల్లుతుంది అన్నది ఆరోగ్యానికి కూడా సంబంధించినది. లండన్‌లో 1985లో మొదలైన ఒక పెద్ద అధ్యయనంలో 10 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. పనిలో తమ మాట అంతగా చెల్లని వారిలో గుండె జబ్బు ఎక్కువగా వస్తున్నట్టు 1997లో ప్రకటించారు. ఇక రోజువారీ ప్రయాణంలో మన మాట అసలే చెల్లదు. బస్సు ఎప్పుడు వస్తుందో, సీటు దొరుకుతుందో లేదో, ఏ గేటు దగ్గర ఎంతసేపు ఆగాలో మన చేతిలో ఉండదు.

ప్రయాణం అలవాటైపోదా?

"కొత్తలో కష్టం, తర్వాత అదే అలవాటవుతుంది" అని మనం పిల్లలకు ధైర్యం చెబుతుంటాము. కొంతవరకే ఇది నిజం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగాలు చేసే 909 మంది స్త్రీలను, ముందురోజు ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో రాయమన్నారు. డేనియల్ కానెమన్ బృందం 2004లో ప్రచురించిన ఆ వివరాల్లో, పొద్దున పనికి వెళ్లే ప్రయాణం అన్నిటికన్నా తక్కువ సంతోషం ఇచ్చే సమయాల్లో ఒకటిగా తేలింది.

బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే వివరాలు తీసుకుని 2008లో ఇంకొక సంగతి చెప్పారు. దూరం వెళ్లేవారికి మంచి జీతమో, మంచి ఇల్లో దొరుకుతుంది కాబట్టి దానికీ దీనికీ సరిపోవాలి కదా? సరిపోలేదు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే వచ్చింది. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతం అంకె కళ్లకు కనిపిస్తుంది. రోజూ రెండు పూటలా పడే అవస్థ ఆ కాగితం మీద కనిపించదు.

అయితే దూరం ఒకటే అయినా అందరి ప్రయాణం ఒకేలా ఉండదు. తెనాలి, గుంటూరు వైపు నుండి సీజన్ టిక్కెట్ మీద విజయవాడ వెళ్లి వచ్చేవారిని చూడండి. రోజూ అదే పెట్టె ఎక్కే నలుగురు స్నేహితులైతే కబుర్లతో దారి తెలియదు. ఒంటరిగా పొగలో, హారన్ల మధ్య స్కూటరు మీద అంతే సమయం గడిపినవారు పని మొదలుపెట్టక ముందే అలసిపోతారు. హైదరాబాదులో 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, 2017లో మెట్రో రైలు వచ్చాక, స్టేషన్లకు దగ్గరగా ఉన్నవారికి ఎంతసేపటిలో చేరతామో ముందే చెప్పగలిగే వీలు కలిగింది. స్టేషను నుండి ఇంటికి చేరే చివరి రెండు మూడు కిలోమీటర్లు మాత్రం చాలామందికి ఇంకా ఇబ్బందే. స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. దీనివల్ల ఛార్జీ భారం తగ్గి, దూరపు పనికి కూడా వెళ్లగలుగుతున్న తల్లులు ఉన్నారు. డబ్బు మిగిలింది గాని గంటలు మిగలలేదు.

ఒక చిన్న లెక్క

ఒక అమ్మాయికి రెండు ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. ఊళ్లోనే ఉన్న పనికి జీతం 15,000. రోజుకు 8 గంటల పని, రాకపోకలకు అరగంట. పట్నంలో పనికి 18,000. పని అదే 8 గంటలు, రాకపోకలకు 4 గంటలు, ఛార్జీలకు నెలకు 1,500. నెలకు 26 పనిరోజులు.

ఊళ్లో పనికి నెలకు 221 గంటలు ఖర్చవుతాయి. గంటకు సుమారు 68 రూపాయలు. పట్నం పనికి 312 గంటలు. ఛార్జీలు పోను మిగిలిన 16,500ను గంటలతో భాగిస్తే సుమారు 53 రూపాయలే. పైగా ప్రయాణంలో ఏడాదికి 1,092 గంటలు అదనంగా పోతాయి. అంటే పగలూ రాత్రీ కలిపి 45 రోజులు. పట్నం పనిలో ఎదుగుదల ఉంటే, అప్పు తీర్చవలసి ఉంటే అది ఎంచుకోవడంలో తప్పు లేదు. గుమ్మం దాటినప్పటి నుండి తిరిగి గుమ్మం ఎక్కేవరకు ఉన్న సమయమంతా ఉద్యోగంలో భాగమే అని తెలిసి ఎంచుకోవాలి.

ఒంటికి ఏమి జరుగుతుంది?

నీళ్లు: దారిలో బాత్రూము ఉండదని చాలామంది ఆడవారు పొద్దుటి నుండి నీళ్లు త్రాగరు, వచ్చిన మూత్రాన్ని ఆపుకుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షనుకు, రాళ్లకు ఇది దారి తీస్తుంది. బయలుదేరే ముందు మూత్రానికి వెళ్లండి. చేరగానే ఒక గ్లాసు త్రాగి, రోజంతా కొద్దికొద్దిగా త్రాగండి.

షుగరు మాత్ర: మాత్ర వేసుకుని, బస్సు వచ్చిందని టిఫిను మానేసి పరుగెత్తేవారు ఉన్నారు. కొన్ని షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని తినకపోతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. బండి నడిపేవారికి ఇది ప్రాణాపాయం. మీరు బయలుదేరే టైము డాక్టరుగారికి చెప్పండి. బ్యాగులో పంచదార పొట్లమో, గ్లూకోజో ఎప్పుడూ ఉంచుకోండి.

బి.పి. మాత్ర: కొన్ని బి.పి. మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. బస్సులో ఇబ్బంది అని వాటిని మానేసి, బి.పి. పెరిగాక వస్తారు. మీ అంతట మీరు మానకండి. వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టరుగారినే అడగండి.

కూర్చోవడం: లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి డాక్టర్ జెర్రీ మోరిస్ 1953లో ఒక వ్యాసం ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా వచ్చింది. మీరు కూర్చుని ప్రయాణించి, కూర్చునే పనిచేస్తుంటే ఒక స్టాపు ముందు దిగి నడవండి. సీటులో ఉన్నప్పుడు అరగంటకొకసారి మడమలు పైకెత్తి దించండి. బరువు బ్యాగు ఒకే భుజానికి తగిలించవద్దు.

నిద్ర: పెద్దవారికి రాత్రికి 7 గంటల నిద్ర కావాలి. ఐదింటి బస్సు అందుకోవలసినవారు సీరియల్ అయ్యేవరకు మేలుకుంటే అది దొరకదు. నైటు డ్యూటీ దిగినవారు నిద్రమత్తులో బండి నడపవద్దు. బస్సో, ఆటోనో ఎక్కండి.

పని గంటలు కూడా చూసుకోవాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు చేసేవారి కంటే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తెలిపాయి. గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. ఓవర్‌టైము ఒప్పుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఏమి చేయవచ్చు?

1. ఒక వారం పాటు గుమ్మం నుండి గుమ్మం వరకు గంటలు కాగితం మీద రాయండి. పక్కన ఆ రోజు మనసు ఎలా ఉందో ఒక ముక్క రాయండి. పని వల్ల చిరాకా, ప్రయాణం వల్లనా అన్నది మీకే తెలుస్తుంది.

2. ప్రయాణమే కారణమైతే పని మానేయాలని తొందరపడకండి. అరగంట ముందో వెనుకో వచ్చే వీలు, వేరే షిఫ్టు, దగ్గరలోని బ్రాంచికి బదిలీ ఉందేమో అడగండి. మన సంఘంలోనే అదే వైపు వెళ్లేవారు ఉంటే కలిసి వెళ్లండి.

3. పనే కారణమైతే ఏ సంగతి బాధిస్తోందో విడదీసి పై అధికారితో మాట్లాడండి. "అంతా కష్టమే" అంటే ఎవరూ సాయం చేయలేరు. "శనివారం రెండు షిఫ్టులు వరుసగా పడుతున్నాయి" అంటే చేయగలరు.

4. ఇంట్లోవారు కూడా గమనించాలి. నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన కోడలు నేరుగా వంటింట్లోకి వెళ్తే ఆమెకు ఇంకొక డ్యూటీ మొదలైనట్టే. కూరలు తరగడం, పిల్లల చదువు చూడటం మగవారు, పెద్దపిల్లలు పంచుకోండి. ఇంటికి రాగానే పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

సెలవు రోజు విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట, పని పేరెత్తితేనే విరక్తి, ఏది చేసినా సరిగా చేయలేకపోతున్నానన్న భావన: ఈ మూడింటినీ పని ఒత్తిడి వల్ల కలిగే బర్న్‌అవుట్ లక్షణాలుగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వివరించింది. ఇది సోమరితనం కాదు. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, డిప్రెషన్ కూడా ఇలాంటి అలసటే కలిగిస్తాయి కాబట్టి పరీక్ష చేయించుకోవాలి. దిగులుతో బ్రతకాలని అనిపించకపోతే ఆలస్యం చేయకుండా 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, హఠాత్తుగా మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు బలహీనం కావడం జరిగితే "ఆఫీసుకు వెళ్లి చూద్దాం" అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈసారి ఓ.పి.కి వచ్చినప్పుడు మీ పనితో పాటు అక్కడికి ఎలా వెళ్తారో, ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి చేరతారో కూడా మా సిస్టర్లకు చెప్పండి. మాత్రల వేళలు, భోజనం వేళలు మీ బస్సు టైముకు సరిపోయేలా చూడటానికి అది మాకు ఎంతో ఉపయోగపడుతుంది.