కడుపులో పుండు పెట్టే క్రిమి: ఏ పరీక్ష, ఎక్కడ, ఎప్పుడు?

హెలికోబాక్టర్ పైలోరీ జీర్ణాశయపు లోపలి పొరను అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా. వైద్యులు క్లుప్తంగా ‘హెచ్ పైలోరీ’ అంటారు. ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచో కలుషితమైన నీరు, ఆహారం వల్లనో సోకుతుంది. చికిత్స జరగకపోతే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చాలామందిని ఏ బాధా పెట్టదు. కొందరికి జీర్ణాశయంలో, చిన్నపేగు మొదటి భాగంలో పుండ్లు పుట్టిస్తుంది. కొద్దిమందిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

కడుపులో పుండ్లకు కారాన్నీ, దిగులునూ, ఆమ్లాన్నీ తప్పుపట్టే రోజుల్లో, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఈ క్రిమిని పెంచి చూపించారు. 1984లో మార్షల్ ఈ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నారు. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి దక్కింది.

ఎవరికి అవసరం?

పొట్ట పైభాగంలో నొప్పి, మంట, కాస్త తిన్నా కడుపు నిండినట్టుండటం వారాల తరబడి తగ్గకపోతే పరీక్ష గురించి వైద్యుణ్ని అడగాలి. గతంలో పుండు వచ్చినవారికీ, కారణం దొరకని ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారికీ, తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినవారికీ ఇది అవసరం. మలం నల్లగా తారులా రావడం, రక్తపు వాంతులు, మింగడం కష్టం కావడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం వంటివి కనిపిస్తే చిన్న పరీక్షలతో కాలయాపన చేయకూడదు. ఎండోస్కోపీ చేసే ఆసుపత్రికే వెళ్లాలి.

పరీక్షలు నాలుగు రకాలు

జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తుంది. అది యూరియాను అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. శ్వాస పరీక్ష దీనిమీదే ఆధారపడింది. ప్రత్యేకమైన కార్బన్ ఉన్న యూరియాను మింగించి, కాసేపటి తర్వాత ఊపిరిని పరీక్షిస్తారు. అందులో ఆ కార్బన్ కనిపిస్తే క్రిమి ఉన్నట్టే. కార్బన్-13 వాడే పద్ధతిలో రేడియోధార్మికత ఉండదు. కార్బన్-14లో అది స్వల్పంగా ఉంటుంది కనుక గర్భిణులకు, పిల్లలకు వాడరు.

రెండోది మల పరీక్ష. క్రిమికి చెందిన యాంటిజెన్‌ను మలంలో వెతుకుతారు. మూడోది ఎండోస్కోపీ. జీర్ణాశయం నుంచి చిన్న ముక్క తీసి యూరియా ఉన్న మాధ్యమంలో వేస్తే, క్రిమి ఉన్నప్పుడు పసుపు రంగు గులాబీగా మారుతుంది. ముక్కను సూక్ష్మదర్శిని కింద కూడా చూస్తారు. నాలుగోది రక్త పరీక్ష. ఇందులో వెతికే యాంటీబాడీలు క్రిమి పోయిన తర్వాత కూడా చాలాకాలం రక్తంలో ఉంటాయి. అందువల్ల ప్రస్తుతం క్రిమి ఉందో లేదో ఈ పరీక్ష ఒక్కదానితో తేల్చలేరు.

సర్కారు ఆసుపత్రా, ప్రైవేటా?

ప్రభుత్వ వైద్యంలో మొదటి మెట్టు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడి వైద్యుడు రక్తహీనత వంటివి చూసి, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసి పంపుతాడు. హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ, విశాఖలోని కింగ్ జార్జ్ వంటి బోధనాసుపత్రుల్లో జీర్ణకోశ వ్యాధుల నిపుణులుంటారు. ఖర్చు తక్కువే గాని, ఓపీ చీటీ దగ్గర్నుంచి ఎండోస్కోపీ తేదీ దాకా ఓపిక పట్టాలి. శ్వాస పరీక్ష ప్రతిచోటా దొరకదు కనుక ముందే కనుక్కోవాలి.

ప్రైవేటులో పని త్వరగా అవుతుంది, జేబుకు బరువవుతుంది. ల్యాబును బట్టి ధర మారుతుంది. ప్యాకేజీలో ఉందని రక్త పరీక్షతో సరిపెట్టుకోకుండా, అది ఏ పరీక్షో అడిగి తెలుసుకోవాలి.

మాత్రలే అడ్డు

ఎక్కడ చేయించుకున్నా ఫలితాన్ని తారుమారు చేసేది మందుల షాపులో కొన్న గ్యాస్ మాత్రే. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి వాడుతుంటే క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. శ్వాస, మల పరీక్షలకూ ఎండోస్కోపీ ముక్క పరీక్షకూ ముందు వీటిని కనీసం 2 వారాలు, యాంటీబయాటిక్‌లను, బిస్మత్ మందులను 4 వారాలు ఆపాలి. వైద్యుడి సలహా లేకుండా మాత్రం ఆపకూడదు. శ్వాస పరీక్షకు పరగడుపున వెళ్లాలి.

క్రిమి ఉందని తేలితే ఆమ్లాన్ని తగ్గించే మందుతో పాటు రెండు మూడు రకాల మందులను సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా తయారవుతుంది. మన దేశంలో కొన్ని యాంటీబయాటిక్‌లకు ఇది ఇప్పటికే లొంగడం లేదు. అందుకే చికిత్స ముగిసిన కనీసం 4 వారాల తర్వాత శ్వాస పరీక్ష గాని మల పరీక్ష గాని మళ్లీ చేయించాలి. మంట తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదు. ఆ రెండో పరీక్షలో లేదని తేలితేనే చికిత్స పూర్తయినట్టు.