కడుపులోని క్రొవ్వు కణితియు, రొమ్ముమంటయు



రాత్రి సుష్ఠుగా భుజించి వెంటనే నడుము వాల్చిన పిమ్మట, అర్ధరాత్రమున రొమ్మునడుమ మంట పుట్టి, పుల్లని నీరు గొంతువఱకు ఎగదన్నగా లేచి కూర్చుండనివారు మీలో నెందఱుందురు? నేనట్లు పదునైదేండ్లు లేచి కూర్చుంటిని. గ్లాసెడు నీళ్లలో చిటికెడు వంటసోడా కలుపుకొని త్రాగి, ఒక త్రేనుపు వచ్చిన పిమ్మట మరల పండుకొనుచుంటిని. బడిలో పిల్లలకు ఆరోగ్యసూత్రములు వల్లెవేయించినవాడ నగుటచే, నాకు వైద్యునితో పనిలేదని తలచితిని.

నా అఱువదియొకటవ యేట మా కోడలు పట్టుబట్టి నన్ను పట్టణమునకు గొనిపోయెను. అచ్చటి వైద్యుడు ఎండోస్కోపీ యను పరీక్ష చేసెను. చిటికెనవ్రేలంత లావుగల మెత్తని గొట్టమును నోటినుండి కడుపులోనికి పంపి, దాని కొననున్న దీపముచేతను చిన్న కెమెరాచేతను లోపలి గోడలను తెఱపై చూతురు. గొంతు మొద్దుబాఱుటకు మందు చల్లుదురు గనుక నొప్పి లేదు గాని ఓకరింత మాత్రము తప్పదు. వంగెడు గాజుపోగులతో నిట్టి గొట్టమును నిర్మించిన బేసిల్ హిర్షోవిట్జ్ అను వైద్యుడు 1957వ సంవత్సరమున దానిని మొదట తన కంఠముననే దించుకొనెను. ఆ సంగతి వినియుండుటచే నాకు కొంత ధైర్యము కలిగినది.

పరీక్షాపత్రములో రెండు సంగతులు వ్రాసిరి. అన్ననాళపు అడుగుభాగము ఒఱిసి ఎఱ్ఱబాఱినదనుట మొదటిది. కడుపు దిగువభాగమున రేగుపండంత పసుపుపచ్చని కణితి యున్నదనుట రెండవది. అందులో 'ట్యూమరు' అను మాట నా కన్నులబడెను; తక్కిన మాటలేవియు నాకు కనబడలేదు. కుమారులను పిలిపించితిని. పొలము పంపకముల కాగితములు వ్రాయించితిని. అన్నము సయింపదాయెను. మఱియొక వైద్యశాలలో చూపగా, మంటకు మూలమా కణితియే యనియు, కడుపు కోసి తీసివేయవలెననియు తొందరపెట్టిరి. దినము కూడ నిశ్చయమయ్యెను. మా కోడలు మాత్రము, పరీక్ష చేసిన మొదటి వైద్యునే మరల అడుగుదమనెను. ఆయన ఆనాడు ఓపికతో చెప్పిన విషయమునే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన భాషలో ఉల్లిగడ్డయు గడ్డయే, సెగగడ్డయు గడ్డయే. ఇంగ్లీషు వైద్యమున ట్యూమరను మాటయు నట్టిదే. శరీరమున నెచ్చటనైనను కణములు మితిమీఱి పెరిగి ముద్దకట్టిన దానికది సామాన్యనామము. అందు ప్రాణాంతకములును గలవు, నిరపాయములును గలవు. నా కడుపులోనిది లైపోమా యను క్రొవ్వు కణితి. చేతిమీదను, మెడమీదను చర్మము క్రింద కదలుచుండు మెత్తని క్రొవ్వు కంతులను మీరు చూచియే యుందురు. అదే జాతి కణితి అరుదుగా కడుపుగోడలో, పైపొర క్రింద పెరుగును. ప్రేగులలో నింతకంటె నెక్కువగా కానవచ్చును. అది క్యాన్సరుగా మాఱుట దాదాపు లేదనియే చెప్పవలెను.

సుశ్రుతుడు నిదానస్థానమున మేదోజగ్రంథిని వర్ణించుచు, అది నున్నగా, పెద్దదిగా, నొప్పి తక్కువగా నుండుననియు, శరీరము బలిసిన బలియుననియు, చిక్కిన చిక్కుననియు చెప్పెను. మొదటి లక్షణములు నేటి లైపోమాకు చక్కగా సరిపడును. కడపటిది సరిపడదు, మనిషి చిక్కినను ఈ కణితి సాధారణముగా చిక్కదు. ఆచార్యులయందు గౌరవముంచియే యీ మాట చెప్పుచున్నాను.

దానిని గుర్తించు విధము వినదగినది. గొట్టమునుండి సన్నని పటకారు పంపి కణితిని నొక్కినచో, దూదిదిండు నొక్కినట్లు గుంటపడి మరల లేచును. పైపొరనుండి చిన్న ముక్క గిల్లి పరీక్షించినను తఱచు ప్రయోజనముండదు. క్రొవ్వు దాని క్రింద నున్నది గదా. సందేహమున్నచో సీటీ స్కాను తీయుదురు. క్రొవ్వునకు సాంద్రత తక్కువ యగుటచే, అందు కణితి చుట్టునున్న మాంసమునుండి వేఱుగా తెలియవచ్చును. నాకట్లే తీసి నిశ్చయించిరి.

ఇక మంట మాటేమి? అన్ననాళము కడుపుతో కలియుచోట గుండ్రని కండరపుకట్టు గలదు. సంచిమూతికి త్రాడువలె నది బిగిసియుండి, అన్నము దిగునపుడు వదులై, మరల బిగియును. అకాలమున వదులైనను, కడుపు పైభాగము రొమ్ములోనికి జాఱినను, ఆమ్లము పైకి ఎగదన్నును. కడుపులోనిది ఉప్పు ద్రావకమే యని ఇంగ్లండులో విలియం ప్రౌట్ 1823లో కనుగొనెను. కడుపులోపల జిగట కవచమున్నది. అన్ననాళమున కట్టిది లేదు. కావున మండును. ఇందులో నా కణితికి ప్రమేయమే లేదు. మంటకై వెదకబోగా అది కంటబడినది, అంతే. కణితిని కోయించుకొనియుండినచో, కోతయు మిగిలియుండును, మంటయు మిగిలియుండును.

అయితే నొక మినహాయింపు కలదు. కణితి నాలుగు సెంటీమీటర్లకు మించి పెరిగి, కడుపునుండి ప్రేగునకు పోవు ద్వారమున కడ్డుపడినచో, తిన్నది దిగక వాంతులును పులిత్రేనుపులును కలుగును. పైపొర పుండుపడి రక్తము స్రవించుటయు గలదు. అపుడు తీయవలసినదే. కొన్నింటిని కడుపు కోయకయే గొట్టముద్వారా తీయుదురు.

నాకు చెప్పిన చికిత్స తేలిక. రాత్రి భోజనము పండుకొనుటకు మూడు గంటలకు ముందే ముగించుట, మితముగా తినుట, బొజ్జ తగ్గించుట, చుట్ట మానుట. చుట్ట మానుటకే నాకు ఏడాది పట్టెను. మంచమునకు తలవైపు కోళ్ల క్రింద ఆఱంగుళముల యెత్తున ఇటుకలు పెట్టితిమి. తలగడలు పేర్చుటచే ప్రయోజనము లేదు. నడుము మడిగి పొట్ట నొక్కుకొనును. పెద్దలు వామకుక్షి యని యెడమప్రక్కకు పరుండుమనుట యిందు సరియైనది. అపుడు కడుపు అన్ననాళమునకు దిగువనుండును. కాని తిన్న వెంటనే పరుండరాదు. ఒమెప్రజోలు మాత్రను ఉదయము తినుటకు అరగంట ముందు కొంతకాలము వాడితిని. ఇట్టి మాత్రలను వైద్యు నడుగక యేండ్లకేండ్లు మ్రింగరాదు. వంటసోడాలో సోడియ మున్నది. రక్తపుపోటు గలవారు దానిని నిత్యము త్రాగుట మంచిది కాదు. నాకా పోటు ఉండియు త్రాగితిని.

మ్రింగునపుడు అన్నము అడ్డుపడుచున్నను, మలము తారువలె నల్లబడినను, రక్తము కక్కినను, కారణము లేక చిక్కుచున్నను, ఇంటివైద్యము చాలించి వెంటనే పరీక్షకు పోవలెను. మోకాళ్లనొప్పులకు అంగడిమాత్రలు మ్రింగువారు మలపురంగును మఱింత గమనింపవలెను. అవి కడుపులో పుండ్లు చేయగలవు. రొమ్మునొప్పి యెడమచేతికిగాని దవడకుగాని ప్రాకి చెమటలు పట్టినచో, దానిని మంటయనుకొని సోడా త్రాగుచు కూర్చుండక అప్పుడే ఆసుపత్రికి పోవలెను.

రెండేండ్ల పిమ్మట నన్ను మరల పరీక్షించిరి. రేగుపండు రేగుపండంతయే యున్నది. పంపకముల కాగితములు పెట్టెలో నున్నవి. పొలము నేనే చూచుకొనుచున్నాను.