నీరుగట్టువారి పేరు, నేతగాళ్ల గుంత

మదనపల్లె చరిత్ర అనగానే 1915లో అనిబిసెంట్ పెట్టించిన కళాశాల, 1919లో రవీంద్రుడు అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చిన సంగతి చెప్పుకుంటాం. ఊరి అంచున పట్టుచీరలు నేసే నీరుగట్టువారిపల్లె దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. శాసనం లేదు, గ్రంథం లేదు, ఇక చరిత్ర ఎక్కడిదంటారు. ఆ పేరే చాలదా? నీరుగట్టు అంటే చెరువు తూము తీసి, కయ్యలకు వంతులవారీగా నీళ్లు వదిలేవాడు. మగ్గం చప్పుడు రాకముందు అది చెరువు కింద సేద్యాన్ని నమ్ముకున్న పల్లె అయ్యుండాలి. పేరును బట్టి తేదీ తేలదు, నిజమే. ఎవరి చాకిరీ మీద పల్లె నిలిచిందో మాత్రం తెలుస్తుంది.

రెండో సాక్ష్యం ఇంటి నేలలోనే ఉంది. గుంతమగ్గం ముందు నేతగాడు కాళ్లు గుంతలోకి దించి కూర్చుంటాడు. కాలు తొక్కితే పడుగు విచ్చుకుంటుంది, ఆ సందులోంచి నాడె దూసుకుపోతుంది. నేల చెమ్మ పోగు తెగకుండా కాస్తుంది. ముసురు పట్టి అదే చెమ్మ ఊటై గుంతలోకి దిగితే మగ్గం ఆగుతుంది. నేస్తేనే కూలి గనుక పొయ్యి కూడా నిదానిస్తుంది. పక్కన రాట్నం తిప్పి కండెలు చుట్టే ఇల్లాలి పనికి విడిగా కూలి లేదు. చీర ఇద్దరిదీ, లెక్క ఒకరిది.

ఈ లెక్క దగ్గరే అసలు పేచీ. 2019లో మొదలైన నేతన్న నేస్తం అనే ప్రభుత్వ పథకం ఏటా 24,000 రూపాయలిచ్చింది, సొంత మగ్గమున్న కుటుంబాలకు. ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవాళ్లు బయటే. ఏదో ఒక కొలత ఉండాలి కదా, మగ్గమైతే కంటికి కనబడుతుంది అనేవాళ్లున్నారు. తీసిపారేసే మాట కాదు. కానీ 2019-20 జాతీయ చేనేత గణన అనుబంధ పనివాళ్లనూ కలుపుకుని 35 లక్షల పైచిలుకు మందిని లెక్కగట్టింది. వాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. చేతులను లెక్కపెట్టడం కుదరని పనేమీ కాదన్నమాట. కొయ్యను చూసి మనిషిని వదిలేయడం, రాతి శాసనం లేదని చరిత్రే లేదనడం, రెండూ ఒక్క చూపే.

ఇప్పుడు పత్రికల్లో నీరుగట్టువారిపల్లె పేరు ఎక్కువగా టమోటా ధరల దగ్గర కనబడుతుంది. పెద్దమండ్యం, తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన కాయ అక్కడి మార్కెట్ యార్డులోనే వేలమవుతుంది. ధర అచ్చవుతుంది, ట్రే దించిన హమాలీ కూలి రేటు అచ్చు కాదు.