మళ్లీ దప్పిక ఎందుకు?

యోహాను సువార్త 4వ అధ్యాయం మీకు కొత్త కాదు. సమరయలోని సుఖారు దగ్గర, యాకోబు బావి యొద్ద, మధ్యాహ్నపు ఎండలో ప్రభువు అలసి కూర్చున్నాడు. నీళ్లు చేదుకొనుటకు ఒక స్త్రీ వచ్చింది. ఆ సంభాషణలోని 13, 14 వచనాలు ఒకసారి తెరచి చూడండి. రెండింటిలోను మన తెలుగులో "త్రాగు" అనే ఒకే మాట కనబడుతుంది. గ్రీకులో కూడా క్రియ ఒక్కటే, 'పీనో'. (ఇది మనకు మరీ పరాయి మాట కాదు. సంస్కృతంలోని 'పా' ధాతువు, దాని నుండి మనకు వచ్చిన పానము, పానీయము దీనికి చుట్టాలే.) అయితే ఈ రెండు చోట్ల ఆ క్రియ రూపాలు వేరు.

బావి నీళ్ల విషయంలో 'పీనోన్' అని ఉంది. అది వర్తమాన రూపం. త్రాగుచుండువాడు, అనగా రోజూ కడవతో రావలసినవాడు. ప్రభువు తానిచ్చు నీళ్ల విషయంలోనైతే 'పియే' అని ఉంది. ఈ రూపాన్ని అయోరిస్టు అంటారు. పని సాగుతూ ఉండటాన్ని కాక, దానిని మొత్తంగా ఒక్కటిగా చూపుతుంది.

డిప్లొమా ముగించి సేవకు వచ్చిన కొత్తలో ఈ తేడా చూచి నేను పొంగిపోయాను. "అయోరిస్టు అంటే ఒక్కసారే! ఒక్కసారి త్రాగితే చాలు, ఇక దప్పిక లేదు" అని గట్టిగా ప్రసంగించాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మగారు మెట్ల దగ్గర నన్ను ఆపారు. ఆ ఏడే ఆమె భర్త ప్రభువునందు నిద్రించారు. "అయ్యగారూ, నేను బాప్తిస్మం తీసుకొని ముప్పై ఏళ్లయింది. రాత్రిళ్లు మనసు ఎండిపోతున్నది. అయితే నేను అసలు త్రాగలేదంటారా?" అని అడిగారు. ఏదో సర్దిచెప్పి పంపాను. ఆ జవాబు నాకే నచ్చలేదు.

లోపం ఆమె విశ్వాసంలో లేదు, నా వ్యాకరణంలో ఉంది. అదే సువార్త 2:20లో, దేవాలయం నలభై ఆరు సంవత్సరాలు కట్టబడిందని యూదులు అన్నప్పుడు వాడిన క్రియ కూడా అయోరిస్టే! నలభై ఆరేళ్ల పని ఒక్కసారి జరిగే పనా? "ఒక్కసారే" అనే అర్థం ఆ రూపంలో లేదు, నేను తెచ్చి పెట్టాను.

మరి దప్పిక తీరేది దేనివలన? 14వ వచనం రెండవ సగం చూడండి. ఆయన ఇచ్చే నీళ్లు త్రాగినవానిలో ఊట అవుతాయి. ఎప్పుడో మింగిన గుక్క కాదు, లోపల ఊరుతూనే ఉండే నీళ్లు. పర్ణశాలల పండుగలో ప్రభువు దప్పిగొన్నవారిని పిలిచినప్పుడు (7:37) వచ్చుట, త్రాగుట అనే రెండు క్రియలూ వర్తమాన రూపంలోనే ఉన్నాయి. వస్తూ ఉండండి, త్రాగుతూ ఉండండి అని చదువుకొనుటకు అక్కడ చోటుంది. ఆ పిలుపు అందుకొని ముందే ఒకసారి వచ్చినవారు మళ్లీ రాకూడదని ఆయన ఎక్కడా అనలేదు.

కొన్ని నెలల తరువాత ఆ అమ్మగారి ఇంటికి వెళ్లి, నేను తప్పు చెప్పానని ఒప్పుకొని, ఇదంతా వివరించాను. గ్రీకు మాటలు ఆమెకు పట్టలేదు. "అయితే మళ్లీ అడగవచ్చన్నమాట" అన్నారు. అడగవచ్చమ్మా అన్నాను. ఆ సాయంకాలం ఇద్దరం దావీదు దప్పికను గూర్చిన 63వ కీర్తన చదువుకొన్నాం.