తుపానుకు ధర్మశాస్త్రము

శాస్త్రజ్ఞుల వ్యాసశీర్షికలలో అప్పుడప్పుడు కవులు అసూయపడదగిన పదబంధములు కానవచ్చును. వానిలో మన తీరమునకు సంబంధించినది ఒకటి కలదు. హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు, ఒకప్పటి ఓడ కప్తాను, 1839 మొదలు కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో బంగాళాఖాతపు గాలివానలను గురించి వరుసగా వ్యాసములు ప్రకటించినాడు. వాని శీర్షికలలో మరల మరల వచ్చు మాట 'లా ఆఫ్ స్టార్మ్స్'. అంతకు ముందటి యేడే రీడ్ అనునతడు దీనిని తన గ్రంథమునకు వాడినాడు. తెనుగు చేయుట ఎట్లు? 'శాసనము' అన్నచో విధించినవాడెవడను ప్రశ్న పుట్టును. 'సూత్రము' అన్నచో గాలి హోరు వినబడదు. 'ధర్మము' అనుటయే నాకు రుచించును. నిప్పునకు కాల్చుట ఎట్లో, తుపానుకు సుడి తిరుగుట అట్లు.

1848లో ఆయన వ్రాసిన గ్రంథము పేరు ఇంకను చిత్రము: 'సెయిలర్స్ హార్న్ బుక్'. హార్న్ బుక్ అనగా పూర్వము ఇంగ్లండు పిల్లలు అక్షరములు నేర్చిన పలక. అక్షరముల కాగితముపై పలుచని కొమ్ముపొర కప్పెడివారు. నావికుల పెద్దబాలశిక్ష అన్నమాట! పేరు వట్టి చమత్కారము కాదు. సుడిగాలి చక్రము గీసిన కొమ్ముబిళ్లలను పుస్తకముతో నిజముగనే ఇచ్చినాడు. సముద్రపటముపై దానిని పరచి కప్తాను తుపాను కేంద్రమును గుర్తింపవచ్చును. బందరులో గాలి ఈశాన్యమునుండి వీచుచున్నదనుకొనుడు. దానికి ఎదురుగా నిలిచినచో కేంద్రము దాదాపు కుడిచేతివైపున, ఆగ్నేయమున సముద్రముపై ఉండును. పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకుమాటనుండి 'సైక్లోన్' అను పేరు కల్పించినదియు ఈతడే.

కాని కొమ్ముబిళ్ల ఓడలోనివానికి, గుడిసెలోనివానికి ఏమున్నది? 1864 నవంబరు 1 రాత్రి బందరుపై సముద్రము విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. పిడింగ్టన్ 'స్టార్మ్ వేవ్' అని రెండు మాటలలో చెప్పినదానికి మనకు ఒక్క మాట చాలును: ఉప్పెన.

1972లో లోరెంజ్ అను అమెరికను శాస్త్రజ్ఞుని ప్రసంగమునకు మరియొక వింత శీర్షిక వచ్చినది: బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్కలాడించిన టెక్సాస్‌లో సుడిగాలి పుట్టునా? సభను కూర్చినవారు పెట్టిన పేరట అది. గాలికి ధర్మమున్నను, ఆరంభమున మనకు తెలియని లేశమే పెరిగి పెద్దదై జోస్యమును చెరుపునని తాత్పర్యము. ఐదేండ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ మునిగినది. సుమారు 10,000 మంది పోయిరి.

అటుపిమ్మట తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచినవి. కొన్నింటిలో బడులును నడిచినవి. అవి స్తంభములపై అంత ఎత్తున ఏల ఉన్నవని గుడివాడ పిల్లవాడు అడిగినచో, ఉపాధ్యాయుడు ఆ కొమ్ముబిళ్ల కథతో మొదలుపెట్టవచ్చును.