పికప్ వెనక డోరు ఒక పక్కకు వాలుతోందా? వెల్డింగ్ షాపుకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

శుక్రవారం అరకు సంతలో సరుకు దింపారు. వెనక డోరు మూయబోతే ఎడమ పక్క గొళ్లెం పడింది, కుడి పక్క పడలేదు. డ్రైవరు భుజంతో ఒక తోపు తోశాడు. అయినా పడకపోతే రాయి తీసుకుని రెండు దెబ్బలు వేశాడు, పడింది. బండి బయల్దేరింది. మన కొండల్లో బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్ లాంటి బళ్లున్న చాలామందికి ఇది వారం వారం జరిగేదే. డోరు ఒక పక్కకు ఒరిగి ఉండటం చూడటానికి బాగుండదంతే, దానివల్ల నష్టమేమీ లేదని అనుకుంటాం.

నష్టం ఉంది. రాయితో కొట్టి పడేసిన గొళ్లెం చాలాసార్లు సగమే పడుతుంది. అప్పుడు సరుకు బరువంతా రెండో పక్క గొళ్లెం ఒక్కటే మోస్తుంది. అరకు నుంచి మైదానానికి దిగేటప్పుడు దారంతా దిగుడే కదా, సరుకు క్యాబిన్ వైపే ఒరుగుతుంది కదా అనిపిస్తుంది. కానీ సుంకరమెట్ట దాటి గాలికొండ వరకు ఎక్కుడే. ఆ తర్వాతే అనంతగిరి, డముకు మీదుగా శృంగవరపుకోట వైపు అసలు దిగుడు. పది అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే ఎక్కుడులో టన్ను సరుకు వెనక్కి లాగే బలం దాదాపు 100 కిలోలు. బస్తాలు నేలను పట్టుకుని ఉన్నంతసేపు అదంతా డోరు మీద పడదు. గోతిలో పడిన కుదుపు, మలుపులో ఆగి మళ్లీ కదిలేటప్పటి జర్కు తోడైతే పడుతుంది. కింద నున్నటి టార్పాలిన్ పరిచి ఉంటే ఇంకా తొందరగా పడుతుంది.

50 కిలోల కాఫీ పార్చ్‌మెంట్ బస్తా ఒకటి జారి లోయలో పడితే, కిలో 300 రూపాయల లెక్కన చూసినా 15,000 రూపాయలు. వెనక బైకు వస్తుంటే నష్టం డబ్బుతో పోదు. ఇంకోటి కూడా ఉంది. సంత అయ్యాక ఖాళీ బండిలో మనుషులు ఎక్కుతారు, వెనక డోరుకే వీపు ఆనించి కూర్చుంటారు. సరుకు బండి మనుషులకు కాదని చట్టం చెబుతుంది, ప్రమాదం జరిగితే బీమా సొమ్ము రావడం కూడా కష్టమవుతుంది. సరుకు వెంట వెళ్లే రైతు క్యాబిన్‌లో కూర్చోవాలి. ఊళ్లో ఇంకో బండి లేదన్న మాట నిజమే. డోరు సరిగా పడని బండిలో మాత్రం ఎవరినీ వెనక ఎక్కించకండి.

ముందు బండిని చదును నేల మీదకు తీసుకెళ్లండి

మన ఊళ్లలో చదునైన జాగా దొరకడమే కష్టం. ఒక చక్రం గట్టు మీద, ఒకటి పల్లంలో ఉంటే చాసీయే కాస్త మెలి తిరుగుతుంది. అప్పుడు బాగున్న డోరు కూడా బిగుసుకుంటుంది, ఒరిగినట్టు కనబడుతుంది. పంట లేని రోజుల్లో కాఫీ ఎండబెట్టే సిమెంటు కళ్లం, లేదా పెట్రోలు బంకు కాంక్రీటు జాగా ఇందుకు బాగా పనికొస్తుంది. బండి ఖాళీగా ఉండాలి. వెనక రెండు టైర్లలో గాలి సమానంగా ఉండాలి. గాలి తేడా ఉంటే ముందు అది సరిచేసి చూడండి, కొన్నిసార్లు పని అక్కడితో అయిపోతుంది.

ఇప్పుడు బాడీ నేల వెనక అంచు కుడి మూల నుంచి భూమికి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. ఎడమ మూల దగ్గరా కొలవండి. తేడా వేలి మందం లోపు ఉంటే వదిలేయండి. అంతకంటే ఎక్కువుంటే తప్పు డోరుది కాదు. ఆ పక్క కమాన్ పట్టీ విరిగి ఉండొచ్చు, పట్టీలు అలిసి చదునైపోయి ఉండొచ్చు, లేదా బాడీని చాసీకి పట్టి ఉంచే యూ బోల్టులు వదులై ఉండొచ్చు. ఎప్పుడూ ఒకే పక్క ఎక్కువ బస్తాలు వేసే బళ్లలో ఆ పక్క పట్టీలు ముందు కుంగుతాయి. ఇలాంటి బండికి డోరు బందులు కోసి పైకి జరిపి వెల్డింగ్ చేయిస్తే ఆ రోజుకు డోరు నిటారుగా కనబడుతుంది. తర్వాత కమాన్ పట్టీ మార్చిన రోజు మళ్లీ ఒరుగుతుంది. రెండుసార్లు డబ్బు పెట్టినట్టు.

కింది అంచు రెండు పక్కలా సమానంగానే ఉండి డోరు పై అంచు మాత్రం ఒరిగి ఉంటే అప్పుడు డోరునూ బందులనూ చూడాలి. కంటికి అనుమానంగా ఉంటే తాపీ మేస్త్రీ దగ్గరుండే నీళ్ల లెవల్ పైపు అడగండి. రెండు కొసలూ డోరు పై అంచు రెండు మూలల దగ్గర పట్టుకుంటే తేడా ఎంతో నీళ్లే చెబుతాయి.

బందులు, పిన్నులు

ఎక్కువ బళ్లలో కారణం ఇక్కడే దొరుకుతుంది. డోరును సగం ఎత్తి ఒకరు పట్టుకోండి. ఇంకొకరు ఒక్కో బందు దగ్గర కూర్చుని చూడండి. డోరును పైకీ కిందికీ కొద్దిగా కదిపితే ఏ బందులో ఆట ఉందో తెలుస్తుంది. పిన్ను అరిగి సన్నబడి ఉంటుంది, లేదా పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా లేకుండా గుడ్డులా సాగి ఉంటుంది.

మనవాళ్లు చేసే పని ఒకటుంది. పిన్ను ఊడిపోతే చేతికందిన మేకో, ఇనుప చువ్వ ముక్కో దూర్చి రెండు కొసలూ వంచేస్తారు. ఆ రోజు గడుస్తుంది. రంధ్రం కంటే సన్నగా ఉన్న చువ్వ ప్రతి కుదుపుకూ రంధ్రాన్ని కొడుతూ ఉంటుంది. ఆరు నెలల్లో రంధ్రం సాగుతుంది, ఆ పక్క డోరు కిందికి దిగుతుంది. సాగిన రంధ్రంలో కొత్త పిన్ను వేసినా లాభం లేదు. లేత్ షాపులో సరైన కొలతకు బుష్ తీయించి వెల్డింగ్ చేయించుకోవాలి, దానికి సరిపోయే పిన్ను వేయించుకోవాలి. ఒక్క బందు పాడైనా అన్నీ ఒకేసారి చూడండి. కొత్త బందులు అతికేటప్పుడు అన్ని రంధ్రాల్లోంచి ఒకే పొడవాటి రాడ్డు దూర్చి ఉంచి అతకమని చెప్పండి. అప్పుడే అన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి. పిన్ను కొసకు వాషరు, స్ప్లిట్ పిన్ను తప్పకుండా ఉండాలి.

గట్టు మీద డోరు వాల్చే అలవాటు

డోరు మెలి తిరగడానికి మన దగ్గర పెద్ద కారణం లోడింగ్ పద్ధతి. తోటలోంచి బస్తాలు మోసుకొచ్చి రోడ్డు పక్క గట్టు మీద పెడతాం. బండిని వెనక్కి తెచ్చి డోరును గట్టు మీదకు వాల్చి, దాన్నే వంతెనగా చేసుకుని బస్తాలు లోపలికి తీసుకెళ్తాం. పని తేలికే. కానీ గట్టు ఎప్పుడూ సమంగా ఉండదు. డోరు ఒక మూల రాయి మీద ఆనుతుంది, రెండో మూల గాలిలో వేలాడుతుంది. 60 కిలోల మనిషి 50 కిలోల బస్తాతో ఆ గాలిలో ఉన్న మూల మీద కాలు వేస్తే 110 కిలోలు అక్కడే పడతాయి. ఒక పంట కాలంలో అలా ఎన్నిసార్లు జరుగుతుందో మీకే తెలుసు.

ఇలా చేయండి. డోరును పూర్తిగా కిందికి దించేసి, గట్టు నుంచి బాడీ నేల మీదకు రెండు మందపాటి చెక్క పలకలు వేసుకోండి. పలకల కొస బాడీ నేల మీద కనీసం అడుగు లోపలికి ఉండాలి, జారకుండా తాడుతో కట్టాలి. బండి కదలకుండా చక్రాలకు రాళ్లు పెట్టాలి. పలకలు లేని రోజు డోరు వాల్చక తప్పకపోతే గాలిలో ఉన్న మూల కింద రాయో దుంగో పెట్టి, బందులకు దగ్గరగా మధ్యలో నడవండి.

గొలుసులతో డోరును అడ్డంగా నిలబెట్టే బళ్లలో రెండు గొలుసుల లింకులూ లెక్కపెట్టండి. ఒకటి తెగితే ఇంట్లో ఉన్న ముక్కతో అతికేస్తాం, దాంతో ఒక గొలుసు రెండు లింకులు పొడవవుతుంది. అప్పుడు బరువంతా పొట్టి గొలుసు మీదే. డోరు మెలి తిరగడానికి అది చాలు.

మెలి తిరిగిందో లేదో తేల్చుకోవాలంటే డోరు విప్పి సిమెంటు నేల మీద పడుకోబెట్టండి. ఎదురెదురు మూలలు రెండు నేలకు ఆని, మిగతా రెండు పైకి లేచి ఊగుతుంటే మెలి ఉన్నట్టే. కొద్ది మెలి అయితే ఇంటి దగ్గరే తీయొచ్చు. నేలకు ఆనిన మూలల కింద చెక్క ముక్కలు పెట్టి, లేచిన మూలల మీద ఇద్దరు నెమ్మదిగా బరువు వేయాలి. కొద్దికొద్దిగా వేసి, ప్రతిసారీ ముక్కలు తీసి చూసుకోవాలి. సుత్తితో కొడితే రేకు సొట్ట పడుతుంది కానీ మెలి పోదు.

డోరు బాగుంది, బాడీ తెరుచుకుంది

ఒక్కోసారి డోరు నిటారుగానే ఉంటుంది, గొళ్లేలు మాత్రం పడవు. అప్పుడు డోరు కూర్చునే చోటు కొలవాలి. కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు దారం పట్టి ముడి వేయండి. అదే దారాన్ని ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు పట్టి చూడండి. రెండూ సమానమైతే చట్రం సరిగా ఉంది. తేడా ఉంటే పక్క స్తంభం బయటికి వంగింది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎత్తుగా నింపడానికి పక్కలకు జాలీ పెంచిన బళ్లలో ఇది ఎక్కువ. సరుకు పక్కలకు తోసే బలమంతా ఆ స్తంభాల మీదే పడుతుంది. పైన రెండు స్తంభాలనూ కలుపుతూ, అవసరమైనప్పుడు తీసేసేలా ఒక అడ్డ రాడ్డు పెట్టించుకుంటే మళ్లీ తెరుచుకోదు.

బాడీ నేల వెనక అంచును కింద నుంచి కూడా చూడండి. యూరియా, డీఏపీ బస్తాల నుంచి రాలిన పొడి, పల్పింగ్ చేసిన కాఫీ పులిసిన నీళ్లు, అల్లం పసుపులకు అంటుకొచ్చిన తడి మట్టి, ఇవన్నీ ఆ మడతలోకే చేరతాయి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకు పొరలు పొరలుగా లేస్తుంటే బందుకు పట్టు లేదని అర్థం. అక్కడ పాత రేకు మీదే వెల్డింగ్ చేయించకండి, కుళ్లిన భాగం కోసి కొత్త యాంగిల్ వేయించండి.

వెల్డింగ్ రోజు

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్ 6 బళ్లలో ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె ఉంటుంది, వెల్డింగ్ కరెంటుకు అది పాడైతే డోరు ఖర్చు చిన్నదైపోతుంది. ఎర్త్ క్లిప్పు అతికే చోటుకు దగ్గరలోనే పెట్టమనండి. గోనె సంచులు, టార్పాలిన్, డీజిల్ క్యాను బండి దగ్గర ఉండకూడదు. అతికిన చోట అదే రోజు రెడ్ ఆక్సైడ్ వేయకపోతే మన వానలకు నెలలో తుప్పు పడుతుంది. డబ్బులిచ్చే ముందు డోరును పదిసార్లు తెరిచి మూసి చూడండి. రెండు గొళ్లేలూ చేత్తోనే పడాలి, దెబ్బ అవసరం కాకూడదు.

డోరుకూ నేలకూ మధ్య సందు మిగిలితే పాత ట్యూబు రబ్బరు పట్టీ బిగించుకోండి. డోరు గలగల తగ్గుతుంది. వలిసెలు, చోళ్లు వేసుకెళ్లేటప్పుడు చిరిగిన సంచిలోంచి రాలినవి రోడ్డు పాలు కావు.

దారిలో ఉండగా డోరు పాడైతే

ఘాట్ రోడ్డులో గొళ్లెం పడనని మొరాయిస్తే తాడు కట్టుకుని వెళ్లిపోవడం మామూలే. కట్టేదేదో డోరుకు మాత్రమే కట్టకండి. బస్తాల వెనక వరుస చుట్టూ తాడు తిప్పి, రెండు పక్కలా బాడీ కొక్కేలకు బిగించండి. అప్పుడు సరుకు బరువు డోరు దాకా రాదు.

వెదుళ్లు, సిల్వర్ ఓక్ దుంగలు పొడవుగా ఉన్నాయని డోరు దించి వేలాడదీసుకుని వెళ్లకండి. వేలాడే డోరు వెనక లైట్లను కప్పేస్తుంది, పొగమంచులో మీ బండి వెనకవాళ్లకు కనబడదు. సరుకు బాడీ దాటి బయటికి వస్తే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు.

బండి కిరాయికి మాట్లాడుకునే రైతులు బస్తాలు ఎక్కించే ముందు డోరు మూయించి చూడండి. డ్రైవరు రాయి కోసం వెతికితే, వెనక వరుసకు తాడు కట్టాకే మీ సరుకు కదలనివ్వండి.