యానాం పక్కనే ఉండి ఫ్రెంచి రాని మనం



ఎం.ఏ.లో చేరిన ఏడాది మేము సాయంత్రం పూట ఫ్రెంచి డిప్లొమా క్లాసుకు కూడా ఫీజు కట్టాము. మొదటి రోజు చూస్తే గదిలో సగం మంది ఆరో తరగతి నుంచే ఫ్రెంచి చదివినవారు. సీబీఎస్‌ఈ బడుల్లో చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వరకు మూడో భాషగా ఫ్రెంచి, కొన్నింటిలో స్పానిష్ చెప్పేవారు. మేము ఆరో తరగతిలో హిందీ అక్షరాలు దిద్దాము. పదోతరగతిలో హిందీకి పాసు మార్కులు 20 అని తెలిశాక ఆ దిద్దడం కూడా మానేశాము. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. వెనక బెంచీలో కూర్చుని, ఇది మన కోసం పెట్టిన చదువు కాదనుకున్నాము.

రెండో వారానికే ఆ అభిప్రాయం మారింది. ఫ్రెంచి, స్పానిష్ భాషల 'త', 'ప', 'క' మన తెలుగు అక్షరాలకు చాలా దగ్గర. ఇంగ్లీషు వాళ్ళలా గాలి వదిలి పలకకూడదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు అక్కడే తడబడ్డారు. స్పానిష్ అయితే దాదాపు రాసినట్టే చదువుతారు, హెచ్ మాత్రం పలకరు. అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉ. మన 'ఞ' వాళ్ళకూ ఉంది. క్రియ చూస్తే మరీ ఆశ్చర్యం. 'ఆబ్లో' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు, 'ఆబ్లామోస్' అంటే మాట్లాడతాము. 'నేను', 'నువ్వు' అని విడిగా చెప్పనక్కరలేదు, చివర చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు లేని నువ్వు-మీరు తేడా రెండు భాషల్లోనూ ఉంది. ఫ్రెంచి 'వూ' అచ్చం మన 'మీరు' లాంటిదే: పెద్దవారు ఒక్కరైనా అదే, పదిమందైనా అదే.

కష్టాలు లేవని కాదు. ఫ్రెంచి క్రియను మూడు రకాలుగా రాసి ఒక్కటే పలుకుతారు, అందుకే డిక్టేషన్ అంటే మాకు ఇప్పటికీ భయం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి లింగం. మనకు ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. వాళ్ళకు బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. హిందీలో మళ్ళీ పుస్తకం స్త్రీలింగం! మాటకు ముందు వచ్చే 'ల', 'ల్య'లతో కలిపి బట్టీ పట్టడమే దారి. వస్తువుకు లింగం ఉంటుందన్న సంగతికి హిందీలోనే అలవాటు పడి ఉంటే మాకు సగం కష్టం తప్పేది. తమ్ముళ్ళూ, ఆ 20 మార్కుల దగ్గర ఆగకండి.

ఇక అంకెలు. ఫ్రెంచిలో 80ని 'కాత్ర్ వేఁ', అంటే నాలుగు ఇరవైలు అంటారు. 90 అంటే నాలుగు ఇరవైల పది. క్లాసంతా నవ్వింది. మేము నవ్వలేదు. మా నాయనమ్మ కూలి డబ్బులు నేల మీద ఇరవైలుగా పేర్చి 'నాలుగిరవైలు' అనే లెక్కపెట్టేది. ఆవిడ బడి ముఖం చూడలేదు.

ఈ భాష మన గోదావరికి కొత్త కూడా కాదు. 1753లో సలాబత్ జంగ్ రాజమండ్రి, ఏలూరుతో సహా ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో వారు ఇంగ్లీషువారికి ఓడిపోయారు. గెలిచి ఉంటే మనం గ్రామరు తప్పులకు ఏ భాషలో తిట్లు తినేవాళ్ళమో! యానాంలో మాత్రం 1954 దాకా వారి పాలనే సాగింది. చట్టప్రకారం బదిలీ 1962లో పూర్తయింది.

పన్నెండేళ్ళ వయసులో ఉచ్చారణ తొందరగా పట్టుబడుతుంది, తప్పు మాట్లాడటానికి సిగ్గూ తక్కువ. పెద్దయ్యాక వ్యాకరణం త్వరగా అర్థమవుతుంది. కాబట్టి ఆలస్యమైందని ఎవరూ మానేయనక్కరలేదు. ఇంటర్‌లో ద్వితీయ భాషల జాబితాలో ఫ్రెంచి కూడా ఉంది. మార్కుల కోసం చాలా కాలేజీలు సంస్కృతమే చూపిస్తాయి, అడిగి చూడండి. ఇంటర్ తర్వాత హైదరాబాదులోని ఇఫ్లూలో ఫ్రెంచి, స్పానిష్ బి.ఏ.లు ఉన్నాయి.

మా మొదటి ఏడాది నోటు పుస్తకం హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టాము. అట్ట చిరిగింది. పలకాల్సిన తీరు తెలుగు అక్షరాల్లోనే పక్కన రాసి ఉంటుంది.